దుప్పటికి రెండో చివర

ఆ నీడలో ఇంకొంచెం ఎరుపు పడాల్సింది, ఉత్త నలుపు పూస్తే నీడ చచ్చిపోతుంది, బొగ్గుల కొట్టులా ఉంటుంది తప్ప వెచ్చగా ఉండదు, అడుగున ఎరుపు ఉండి దాని మీద గోధుమరంగు పల్చగా సాగితేనే చీకటికి ఊపిరొస్తుంది, అనుకుంటూ ఆమె పడుకున్న చోటునుంచే చెయ్యి చాపి బ్రష్షును నెత్తి మీది హాలు కప్పుకు ఆనించింది, ఇనుప గొట్టాల పరంజా మీద, నేలకు ఇరవై అడుగుల ఎత్తున, మెడ కింద మడతపెట్టిన పాత స్వెట్టరు, కళ్ళద్దాల మీద మూడు రంగుల తుంపరలు, పదకొండు వారాలుగా ఇదే పడక, ఆసుపత్రివాళ్ళు కొత్త హాలు కట్టి, దానికి బోర్లించిన గిన్నెలా గుండ్రటి కప్పు పెట్టి, పెట్టాక దాన్నేం చేసుకోవాలో తోచక ఆమెను పిలిచారు, ఆపరేషన్ థియేటరు ముందు హాలు, లోపల ఒక మనిషిని కోస్తుంటే బయట నలుగురు కోతపడే హాలు, ఎదురుగా చూస్తే తలుపు, తలుపు చూస్తే గుండె జారుతుంది, పక్కకు చూస్తే తనలాంటి మొహమే ఇంకోటి, అందుకే కాసేపటికి అందరూ తల వెనక్కి వాల్చి కప్పు చూస్తారు, బొమ్మ ఉండాల్సింది అక్కడే, అని మొదటి రోజే చెప్పింది ఆమె, అంత ధీమాగా చెప్పేసరికి ఆసుపత్రి కమిటీలో ఉన్న ఏడుగురూ ఒకేసారి తలలెత్తి ఖాళీ సున్నం వంక చూశారు, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కిందనుంచి మేస్త్రీ గొంతు, అమ్మా, ఐదింటికల్లా ఈ గొట్టాలు విప్పేయాలి, రేపు పొద్దున ఇంకో చోట బిగించాలి, గుర్తుందిగా, ఉంది మేస్త్రీగారూ, నాలుగున్నరకే దిగిపోతాను, మీరు నిక్షేపంగా విప్పుకోండి అంది, ఎక్కడా తడబాటు లేదు, తను ఇంతవరకూ వేసినవాటన్నిటిలోకీ ఇదే మంచి బొమ్మ అని ఆమెకు తెలుసు, తెలియడం పొగరేం కాదు, వండేవాళ్ళకు ఉప్పు సరిపోయిందో లేదో వాసనలోనే తెలిసిపోదూ, అలాగే.

తెల్లటి దుప్పటి ఒకటి కప్పంతా పరుచుకుని గాల్లో లేస్తోంది, ఒక పక్కన నలుగురు ఆడవాళ్ళు, ఈ ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేవాళ్ళే, దాన్ని పట్టుకుని దులుపుతున్నారు, వెలుగు ఒక్క వైపునుంచే, ఎత్తైన కిటికీలోంచి పడినట్టు, వాళ్ళ మోచేతుల మీద, దుప్పటి మడతల అంచుల మీద, మిగిలిందంతా నిండు చీకటి, బెంచీ మీద కూర్చుని చూస్తే వాళ్ళు మన నెత్తి మీద నిలబడి ఉన్నట్టే, గడ్డాల కింది చర్మం కనిపిస్తుంది, చంకల్లో చెమట మరకలు కనిపిస్తాయి, అందరికన్నా ముందున్న మనిషి అరికాళ్ళు కనిపిస్తాయి, సబ్బునీళ్ళలో నాని తెల్లబడి పగిలిన అరికాళ్ళు, ఇదంతా తను కనిపెట్టింది కాదు, నాలుగు వందల ఏళ్ళ కిందటే చర్చి కప్పులను బొమ్మలతో బద్దలుకొట్టి ఆకాశంలోకి దారి తీసినవాళ్ళున్నారు, వీధిలో మూటలు మోసేవాళ్ళను తీసుకొచ్చి మహాత్ముల వేషంలో నిలబెట్టి, కాళ్ళ మట్టి కూడా కడగకుండా వేసినవాళ్ళున్నారు, ఇదేం మర్యాద అని పెద్దలు కోప్పడి కొన్ని బొమ్మల్ని తిప్పి పంపేశారు కూడా, బరోక్ అంటారు ఆ పద్ధతిని, అని ఒకరోజు టీ వేళ మేస్త్రీకి చెబితే, బరోకా, అదేంటమ్మా, తినేదా తాగేదా అన్నాడు, వంకర ముత్యాన్ని అలా అనేవాళ్ళట మేస్త్రీగారూ, మొదట్లో అది తిట్టే, పోనుపోను అదే పేరైపోయింది అంటే, ఆయన గ్లాసు అటూ ఇటూ తిప్పి, వంకరదైతే మాత్రం ముత్యం కాకుండా పోతుందా అని ఒక్క ముక్కలో తేల్చేశాడు, కాలేజీలో నాలుగేళ్ళు చదివినా ఎవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు. ఈ దారి పట్టింది తనొక్కతే కాదు, తన బ్యాచ్‌లో ఒకతను చేపల మార్కెట్టులో అమ్మేవాళ్ళను ఒక్క దీపం పక్కన నిలబెట్టి ఫోటోలు తీస్తాడు, చేప పొలుసుల మీద ఆ వెలుగు చూస్తే ఏ రాజుగారి కవచమో అనిపిస్తుంది, ఇంకొకామె పాత ప్లాస్టిక్ సంచులు కరిగించి మెలితిరిగిన స్తంభాలు చేస్తుంది, వాటి ముందు నిలబడితే చెత్త అన్న మాటే నోట్లోకి రాదు, నాటకాలకు దీపాలు పెట్టేవాళ్ళు, తెరల మీద బొమ్మలు ఆడించేవాళ్ళు, అందరూ అదే పాత బావిలో చేద వేస్తున్నవాళ్ళే, కొందరు నీళ్ళు తోడుకుంటారు, కొందరు గట్టు మీదనుంచి తమ మొహం చూసుకుని వచ్చేస్తారు, తను తోడుకునే రకమని ఆమెకు గట్టి నమ్మకం.

పదింటికి పెద్ద డాక్టరమ్మ వచ్చింది, ఆసుపత్రి అంతటికీ ఆవిడే పెద్ద, కత్తి పట్టే మనిషి, మాట కూడా కత్తిలాగే తిన్నగా దిగుతుంది, ఇలా కిందికి రండి ఒకసారి అంటే ఆమె చేతులు గుడ్డకు తుడుచుకుంటూ దిగింది, చూడండి, మీ పనితనం మీద నాకేం అనుమానం లేదు, కానీ ఆ చీకటేంటండీ, సగం కప్పు మసి పూసినట్టుంది, ఇక్కడ కూర్చునేవాళ్ళు అసలే బెదిరిపోయి ఉంటారు, హాయిగా నీలం వేసి నాలుగు మబ్బులు, రెండు పిట్టలు పెడితే ఏం పోయింది, అంది డాక్టరమ్మ, ఇది పోయిన వారం అన్న మాటే, ఆమె జవాబు కూడా తయారుగానే ఉంది, లోపల తన మనిషికి ఏమవుతుందో తెలియనివాడి నెత్తి మీద పిట్టలు కులాసాగా ఎగురుతుంటే వాడికి ఒళ్ళు మండదాండీ, చీకటి వాళ్ళు ఇంటినుంచే తెచ్చుకుంటారు, పైన కూడా అదే కనిపిస్తే కనీసం మాకెవరూ అబద్ధం చెప్పలేదు అనుకుంటారు, అప్పుడు పక్కనే ఉన్న వెలుగును కూడా నమ్ముతారు, అంది, ఆ మాటలంటున్నప్పుడు తన గొంతు తనకే నచ్చింది, డాక్టరమ్మ మాత్రం కరగలేదు, మీరు బాగా మాట్లాడతారని నాకు తెలుసు, నాలుగింటికి మళ్ళీ వస్తాను, అప్పటికీ నా మనసు ఒప్పుకోకపోతే ఆ గొట్టాలు ఇంకో రెండు రోజులు ఉంచమని మేస్త్రీతో చెప్పి మా రంగులవాళ్ళతో అటు సగానికి నీలం కొట్టించేస్తా, తర్వాత నన్ను ఏమీ అనద్దు, అని రెండడుగులు వేసి ఆగి, ముందున్నావిడ మీ అక్కగారు కదూ, మన లాండ్రీలో చేస్తారే, ఆవిడేమన్నారు, అంది, ఆవిడ ఇంకా చూడలేదండీ అని చెప్పాల్సొచ్చింది, చూడలేదా, కింది అంతస్తులోనే కదా ఉంటారు అని డాక్టరమ్మ కనుబొమలు లేచాయి.

అక్క ఎందుకు చూడలేదో తనకు తెలుసు, పైకి అనేది కాదు, అనుకుంటూ మధ్యాహ్నం మెట్లు దిగి లాండ్రీకి వెళ్ళింది, ఆవిరి, వేడి గుడ్డల వాసన, పెద్ద మిషన్లు గుండ్రంగా కడుపులు తిప్పుతున్న చప్పుడు, మధ్యలో అక్క, ఇరవయ్యారేళ్ళుగా ఇక్కడే, మోచేతుల దాకా ఎర్రబడిన చేతులతో దిండు గలీబులు దొంతర పెడుతూ, ఏమే బొగ్గూ, తిన్నావా అంది, చిన్నప్పుడు గోడలన్నీ బొగ్గుతో గీసేసినందుకు అక్క పెట్టిన పేరు, నలభై రెండేళ్ళొచ్చినా వదల్లేదు, తినలేదు, నువ్వు పైకి రా, ఇవాళే ఆఖరు, అంటే, అమ్మో, మూడో వార్డుకి ట్రాలీ పోవాలి, నడుం పట్టేసింది, నా మొహం నేను రోజూ అద్దంలో చూసుకుంటూనే ఉన్నానుగా, అని అక్క మాట దాటేసింది, బొమ్మ కోసం నిలబడినప్పుడు మాత్రం ఇన్ని సాకులు చెప్పలేదు, చెల్లెలి గదిలో బల్ల ఎక్కి మూడు ఆదివారాలు నిలబడింది, ఆమె నేల మీద పడుకుని కిందనుంచి గీస్తుంటే, నా అరికాళ్ళు చూసి ఎవరికే రోగం కుదిరేది, కాస్త గోరింటాకన్నా పెట్టుకోనా అని నవ్వీ నవ్వీ బల్ల మీంచి పడబోయింది, అలాంటి మనిషి పదకొండు వారాల్లో ఒక్కసారీ పైకి రాలేదంటే అది ఆ హాలు వల్లే, కొత్తగా కట్టారన్న మాటే గానీ చోటు అదే, పాత హాలు పడగొట్టి అక్కడే లేపారు, పంతొమ్మిదేళ్ళ కిందట అమ్మను లోపలికి తీసుకెళ్ళినప్పుడు అక్కా తనూ కూర్చున్న చోటు, ఇద్దరూ కూర్చున్నది గంటన్నరే, ఆ తర్వాత అక్క ఒక్కతే, ఎందుకంటే ఆ రోజు మధ్యాహ్నం కాలేజీలో మాస్టారి ఆఖరి క్లాసు, రిటైరయ్యే ముందు ఆయన తీసిన పాత ఇటలీ బొమ్మల స్లైడులన్నీ చూపిస్తానన్నారు, తను అక్కకు చెప్పీ చెప్పనట్టు, ఒక్క గంటలో వచ్చేస్తా అని గొణిగి జారుకుంది, దొంగలా, తల తిప్పి చూడకుండా, ఇలాగే గుర్తు, తలుపులన్నీ మూసిన చీకటి గదిలో గోడ మీద మొదటి స్లైడు వెలిగినప్పుడు, ఒక ముసలివాడి నుదుటి మీద పడ్డ వెలుగు చూసి, ఇలా కూడా వేయొచ్చా, ఇంత చీకటి ఉండొచ్చా, అని ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూసింది, రెండో స్లైడు, పదో స్లైడు, గంట కాస్తా మూడు గంటలైంది, తను తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది, అమ్మ లేదు, తన జీవితంలో వెలుగు మొదలైన గంటా, అమ్మ ఆఖరి గంటా ఒకటే, ఈ లెక్క ఎవరితో చెప్పుకుంటుంది, అక్కతో అసలే చెప్పుకోలేదు, అక్కా ఎప్పుడూ అడగలేదు, అడగకపోవడమే పెద్ద నింద అనుకుని ఇన్నేళ్ళూ మోసింది. రాకపోతే పోనీలే, అని మెట్లెక్కబోతుంటే, ఉండవే, ట్రాలీ ఎలాగూ పైకే తీసుకెళ్ళాలిగా, దార్లో చూసేసి పోతా, నువ్వేమీ మొహం అలా పెట్టకు, అంది అక్క.

ట్రాలీ చక్రం కిర్రుకిర్రుమంటూ హాల్లోకి వచ్చింది, అక్క దాన్ని గోడకు ఆనించి, నడుం మీద చెయ్యి వేసుకుని, తల వెనక్కి వాల్చింది, మేస్త్రీ కూడా చేతిలో స్పానర్‌తో అలాగే నిలబడిపోయాడు, ఆమె మాత్రం బొమ్మను చూడలేదు, బొమ్మ చూస్తున్న అక్కను చూసింది, ఎంతమంది ఎన్ని ప్రదర్శనల్లో తన బొమ్మల ముందు నిలబడ్డా వాళ్ళ మొహాలు ఇలా చూసింది లేదు, కాస్త కాళ్ళన్నా కడుక్కుని నిలబడాల్సింది నేను, అంది అక్క, నవ్వుతూనే అంది, కళ్ళు మాత్రం ఇంకా పైనే వెతుకుతున్నాయి, కుడివైపు నీడలోకి, దుప్పటి కరిగిపోయే చోటుకి, ఆ చివర ఎవరు పట్టుకున్నారే, అంది, ఎవరూ లేరక్కా, అటువైపు కావాలనే చీకటి వదిలాను, చూసేవాళ్ళే ఊహించుకోవాలి, పాతవాళ్ళు కూడా అలాగే వదిలేవాళ్ళు, అని ఆమె పొద్దున డాక్టరమ్మకు చెప్పినంత ధీమాగా మొదలుపెట్టింది, అక్క చెయ్యి అడ్డంగా ఊపేసింది, పాతవాళ్ళ సంగతి నాకు తెలీదు, దుప్పటి సంగతి నాకు తెలుసు, అటు చివర ఎవరూ లాగి పట్టుకోకపోతే అది అలా పొంగదు, తడిగుడ్డలా జారి మా నలుగురి మీదా పడుతుంది, ఇంత బాగా వేసి ఇంత పెద్ద తప్పు ఎలా చేశావే, నువ్వెప్పుడన్నా దుప్పటి దులిపిన మొహమేనా, అంది, మేస్త్రీ కిసుక్కున నవ్వి, అవునమ్మా, బరువు ఆనుకోవడానికి అటు ఏదో ఒకటి ఉండాలిగా అన్నాడు, ఆమెకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ మాటతో పాటు ఒక దృశ్యం వచ్చి కళ్ళ ముందు నిలబడింది, ఎన్నడూ గీయనిది, గీయాలని తోచనిది, ఆ రోజు సాయంత్రం తను పరుగెత్తుకుంటూ వచ్చేసరికి పాత హాల్లో అక్క ఒక్కతే నిలబడి అమ్మ మీద కప్పిన ఇంటి దుప్పటిని మడతపెడుతోంది, రెండో చివర పట్టుకోవడానికి ఎవరూ లేక, మధ్య అంచును గడ్డంతో గుండెకు నొక్కిపెట్టి, రెండు చేతులూ రెండు వైపులా చాపి, చివరలు అందక, మళ్ళీ మొదలుపెట్టి, అందక, మళ్ళీ, తను గుమ్మంలోనే నిలబడిపోయింది, దగ్గరికి వెళ్ళి ఆ చివర పట్టుకోవాలని అప్పుడు తోచలేదు, వెళ్ళి పట్టుకోలేదు, పంతొమ్మిదేళ్ళ తర్వాత నలభై అడుగుల వెడల్పు కప్పు మీద కూడా ఆ చివర ఖాళీగానే వదిలేసి, దానికి పాత మహానుభావుల పేరు చెప్పుకుంది, వాళ్ళ చీకట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు కదా, ఒక భుజం, ఒక మోచెయ్యి, తలుపు పట్టుకున్న వేళ్ళు, దగ్గరికి వెళ్ళి చూస్తే నీడలోంచి మెల్లగా బయటపడతారు, ఆ సంగతి తను చెప్పే బొమ్మల క్లాసుల్లో పిల్లలకు చెబుతుంది కూడా, తన చీకట్లో మాత్రం ఎవరూ లేరు, ఉత్త రంగు.

ఇలా రా, పట్టుకో, అని అక్క అప్పటికే ట్రాలీలోంచి ఒక దుప్పటి లాగి ఒక అంచు ఆమె చేతికి విసిరింది, అలా సుతారంగా రెండు వేళ్ళతో కాదే, మొదటి దులుపుకే ఊడిపోతుంది, బొటనవేలు లోపలికి పెట్టి అంచు మీద పిడికిలి బిగించు, మోచేతులు ఒంటికి దగ్గరగా, ఇప్పుడు వెనక్కి ఒరుగు, ఒరుగు, నన్ను లాగేస్తావేమోనని భయపడకు, నేను పడే రకం కాదు, అంది, ఆమె ఒరిగింది, అటునుంచి అక్క బరువు మణికట్లలోకి వచ్చి చేరింది, దుప్పటి టప్పున మోగి ఇద్దరి మధ్యా పొంగింది, దాని మీదుగా అక్క మొహం ఒకసారి కనిపిస్తూ ఒకసారి మునిగిపోతూ, ఆ కనిపించని క్షణాల్లోనే అనేయాలనిపించి, ఆ రోజు నేనుండాల్సింది అక్కా, నీకు సరిగ్గా చెప్పకుండానే జారుకున్నాను, అనేసింది, ఏ రోజు, అంది అక్క, దుప్పటి కిందికి దిగింది, అమ్మ రోజు, అంది ఆమె, అక్క చేతులు ఆగిపోయాయి, చెప్పకుండా జారుకున్నావా, ఎవరు చెప్పారే నీకు, పొమ్మన్నది నేనే కదా, సంచీ భుజానికి తగిలించి వీపు మీద చెయ్యి పెట్టి గుమ్మం దాకా తోశాను, ఇద్దరం కూర్చుని చేసేదేముంది, నీ క్లాసు చూసుకుని రా అని, అమ్మ లోపలికి వెళ్ళేముందే నా చెవిలో చెప్పింది, దాని క్లాసు పోనివ్వకే అని, నీకు నిజంగా గుర్తులేదా, అంది అక్క, మరి పైకి ఎందుకు రాలేదు ఇన్నాళ్ళూ అని ఆమె దుప్పటి అంచు వదలకుండానే అడిగింది, రాలేకపోయానే, ఈ తలుపు చూస్తే ఇప్పటికీ నాకు ఆ రోజే గుర్తొస్తుంది, అందులో నీ తప్పేముంది, మధ్యలో నువ్వెక్కడినుంచి వచ్చావు, అని అక్క విసుక్కుంది, ఆ విసుగులో ఎంత ప్రేముందో చూసి మేస్త్రీ మొహం అటు తిప్పుకుని, బిగించి ఉన్న గొట్టాన్నే మళ్ళీ బిగించాడు, తర్వాత అక్క ఎదురుగా నడిచొచ్చి తన చివరను ఆమె చేతుల్లో పెట్టి, మడత పడ్డ దుప్పటి తిరిగి తీసుకుని చంకలో పెట్టుకుని, ఎక్కు, టైమైపోతోంది, తప్పు దిద్దు, అంది.

ఎక్కింది, రెండున్నర, పర్లేదు, ఈ రంగులు త్వరగా ఆరతాయి, గంటన్నరలో రెండు చేతులు వేయలేకపోతే తను బ్రష్షు పట్టి దండగ, నీడలోకి ముందు ఎరుపు, దాని మీద పల్చటి గోధుమరంగు, అందులోంచి మెల్లగా పిడికిలి, బొటనవేలు లోపలికి, మణికట్టు నరం బిగిసి, ఇప్పుడు కళ్ళు మూసినా వేయగలదు, బరువు ఇంకా వేళ్ళలోనే ఉంది, కిందనుంచి అక్క, ఎడం చెయ్యి ఇంకాస్త పైకే, అలా అయితే దుప్పటి మెలిపడుతుంది, ఆ, అదీ, అంటూ, మూడో వార్డువాళ్ళు నన్ను తిట్టిపోస్తారు అంటూనే కదలకుండా అక్కడే ఉంది, చేతుల వెనక మొహం వేయాలా అని ఆమె ఒక్క నిమిషం ఆలోచించింది, పాతవాళ్ళు గుంపులో ఒక మూలన తమ మొహం పెట్టుకునేవాళ్ళు, వద్దు, నుదురూ ఒక చెంప అంచూ చాలు, వెతికినవాళ్ళకు దొరుకుతుంది. నాలుగింటికి చెప్పుల చప్పుడు, డాక్టరమ్మ వచ్చి ఈసారి నిలబడలేదు, తలుపుకు ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చుంది, తల వాల్చింది, ఆ చీకట్లో చేతులు పొద్దున లేవే, ఎవరివి, అంది, అదిగో, దానివేనండి అని అక్క పైకి చూపించింది, డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, ఈ తలుపు తెరిచి బయటికొచ్చి చెప్పేది నేనేనమ్మా, ఇరవయ్యేళ్ళుగా, మంచైనా చెడైనా, చెప్పేసి లోపలికి వెళ్ళిపోతాను, ఆ తర్వాత వాళ్ళను ఎవరు పట్టుకుంటారో నేనెప్పుడూ చూడలేదు, అని, కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, ఉండనివ్వండి, మబ్బులూ వద్దు పిట్టలూ వద్దు, మేస్త్రీ, మీ గొట్టాలు మీరు విప్పుకోండి, అని లేచి వెళ్ళిపోయింది, అక్క కూడా ట్రాలీ తోసుకుంటూ మూడో వార్డుకి పోయింది, గెలిచానని ఎగరాలనిపించలేదు ఆమెకు, ఇది తను మాటలతో గెలిచింది కాదు, బ్రష్షులు తుడిచి డబ్బాలో పెట్టి, పడుకున్న చోటునే ఇంకొక్క నిమిషం పడుకుంది, మొహానికి మూరెడు దూరంలో కప్పు మీద తన చేతులే, ఇంకా పూర్తిగా ఆరని చేతులు, ఎంత విచిత్రం, బ్రష్షు పట్టిన రోజునుంచీ ఒక్క దీపంతో బొమ్మ వేయడం తన విద్య అనుకుంది, తన బుర్ర అంతకన్నా ముందే ఆ విద్య నేర్చేసుకుంది, ఆ రోజు మొత్తాన్నీ నల్లగా పూసేసి, ఉన్న ఒక్క దీపాన్నీ తీసుకెళ్ళి గుమ్మం దాటుతున్న దొంగపిల్ల మొహం మీద పెట్టింది, వీపు మీది అక్క చెయ్యి, భుజానికి తగిలించిన సంచీ, అక్క చెవిలో అమ్మ మాట, అన్నీ ఆ గదిలోనే ఉన్నాయి, పక్కనే ఉన్నాయి, వెలుగు అటు పడలేదు, అంతే, బొమ్మలో వెలుగు తనంతట తాను ఎక్కడా పడదు, వేసేవాళ్ళు ఎక్కడ పడమంటే అక్కడ పడుతుంది, ఈ మాట ఎంతమంది పిల్లలకు చెప్పిందో, పంతొమ్మిదేళ్ళుగా ఆ దీపం పట్టుకున్నది కూడా తన చెయ్యే.